డాబాగార్డెన్స్‌లో హదీసు పరిశీలన క్లాసు: పాఠానికి ఐదు, స్పీకరుకి ఒకటి

ముందే చెప్తాను, హదీసులు, అంటే ముహమ్మద్ ప్రవక్త (స: ఆయనపై శాంతి కలగాలి) మాటలూ చేతలూ చెప్పే కథనాలు, నేర్చుకుందామని ఈ క్లాసుకి వెళ్తే నిరాశ పడతారు. ఇక్కడ హదీసులు వల్లె వేయించరు. "ప్రవక్త (స) ఇలా అన్నారు" అని ఎవరైనా ఒక మాట తెస్తే, అది నిజంగా ఆయన మాటేనా కాదా అన్నది పండితులు ఎలా తేలుస్తారో, ఆ పని చూపిస్తారు. ఆదివారాలు, జుహర్ (మధ్యాహ్నం నమాజు) తర్వాత మొదలై అసర్ (సాయంత్రం నమాజు) దాకా. విశాఖ డాబాగార్డెన్స్ వెనక సందులో మూడో అంతస్తు. లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చూసుకోండి. ఫీజు 500 రూపాయలు, నోట్సూ టీ అందులోనే. బండి పెట్టుకునే చోటు లేదు. జగదాంబ వైపు ఎక్కడో వదిలేసి ఆ ఎండలో నడిచి రావాల్సిందే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నా మెచ్చుకోలుకి విలువేంటో మీకు తెలీదు. నేను దస్తావేజులు రాస్తాను. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట నాన్న వేసిన బల్ల, ఆయన తర్వాత నాది. చదువంతా తెలుగు మీడియం. ఉర్దూ ఇంట్లో మాట్లాడతాం, చదవడం రాదు. అరబ్బీ అంటే ఖురాను పారాయణం చేసేటంత వచ్చు, అర్థం చెప్పమంటే చెప్పలేను. విశాఖలో నాలాంటి వాళ్ళే ఎక్కువ. ఇన్నాళ్ళూ ఈ విద్య మీద ఏదైనా వినాలంటే ఉర్దూ బయానులే (ప్రసంగాలే) దిక్కు. అందులో సగం అర్థమై సగం ఊహించుకునేదాన్ని. ఈ క్లాసు పూర్తిగా తెలుగులో ఉందని తెలిసి చేరాను. పాఠం చెప్పే ఉస్తాద్‌గారిది గుంటూరు వైపు మాట. అరబ్బీ పేరు ఒకటి చెప్పి, దాన్ని తెలుగులో విడమర్చి, మళ్ళీ అరబ్బీ పేరు చెప్తారు. రెండో గంటలో వేగం పెరిగితే ఉర్దూలోకి జారిపోతారు. ఎవరో ఒకరు "హజ్రత్, తెలుగు" అంటే నవ్వి వెనక్కొస్తారు.

మొదటి రోజు బోర్డు మీద ఒక్కటే హదీసు రాశారు. కర్మలన్నీ సంకల్పాన్ని బట్టే అన్నది. హదీసు సంకలనాల్లో పేరుమోసిన బుఖారీ తన గ్రంథాన్ని దీంతోనే మొదలుపెట్టాడు కాబట్టి అందరికీ తెలిసిందే. మేం ఆ వాక్యం చూస్తున్నాం. ఉస్తాద్‌గారు మాత్రం వాక్యాన్ని చేత్తో మూసేసి, దాని పైనున్న పేర్లు చూడమన్నారు. బుఖారీకి చెప్పింది హుమైదీ. హుమైదీకి సుఫ్యాన్. సుఫ్యాన్‌కి యహ్యా బిన్ సయీద్ అన్సారీ. ఆయనకి ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం తైమీ. తైమీకి అల్ఖమా బిన్ వఖ్ఖాస్. అల్ఖమా ఏమంటాడంటే, ప్రవక్త సహచరుడు ఉమర్ (ర: అల్లాహ్ ఆయనతో సంతోషించుగాక) మింబర్, అంటే మసీదు వేదిక, మీద నిలబడి చెప్తుండగా నేను విన్నాను అని. ఉమర్ (ర) అంటారు, ప్రవక్త (స) చెప్తుండగా నేను విన్నాను అని. ఈ పేర్ల వరస సనద్. చేత్తో మూసిన వాక్యం మత్న్. మిగతా విద్యంతా ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

నాకు వెంటనే లింకు డాక్యుమెంట్లు గుర్తొచ్చాయి. మధురవాడలో సైటు కొనే మనిషి వస్తే మేం ముందు అడిగేది అదే కదా: ఈయనకి అమ్మిందెవరు, ఆయనకి ఎవరు, అంతకు ముందు ఎవరు. మధ్యలో ఒక కాగితం లేకపోతే స్థలం ఎంత బాగున్నా, రోడ్డు ఎంత వెడల్పున్నా, ఆగమంటాం. కానీ ఈ పోలిక సగం దూరమే వస్తుంది. మా దగ్గర కాగితం ఉంటే చాలు. అమ్మినవాడు అబద్ధాలకోరా, మతిమరుపు మనిషా అని ఎవరూ పట్టించుకోరు. హదీసులో అసలు విచారణ అక్కణ్ణుంచే మొదలవుతుంది. పేర్లు వరసగా ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ వరసలో ప్రతి మనిషీ నమ్మదగినవాడై ఉండాలి. విన్నది విన్నట్టు మనసులోనో రాతలోనో నిలుపుకోగలిగి ఉండాలి. ఇవి రెండు వేరువేరు షరతులు. మొదటిదాన్ని అదాలత్ అంటారు, రెండోదాన్ని జబ్త్.

ఆ హదీసులోనే ఇంకో సంగతి ఉంది. ఉమర్ (ర) నుంచి యహ్యా బిన్ సయీద్ దాకా ప్రతి మెట్టు మీదా ఒక్కడే మనిషి. యహ్యా దగ్గర మాత్రం అది ఒక్కసారిగా విప్పారి ఎంతోమంది శిష్యులకి చేరింది. అంటే ప్రపంచమంతా తెలిసిన ఈ హదీసు మొదట్లో ఒంటి దారి. వెనక వరసలో ఎవరో "మరి ఒక్కడే చెప్పినదాన్ని ఎలా నమ్మారు?" అని అడిగారు. జనం ఎంతమంది అన్నదొక ప్రశ్న, మనిషి ఎలాంటివాడన్నది ఇంకో ప్రశ్న అన్నారు ఉస్తాద్‌గారు. లెక్కలేనంత మంది, కూడబలుక్కుని అబద్ధం చెప్పడం కుదరనంత మంది ప్రతి తరంలోనూ చెప్తే దాన్ని ముతవాతిర్ అంటారు. అలాంటివి కొన్నే. మిగతావన్నీ ఆహాద్, అక్కడే ఈ పరిశీలనకి పని.

నిర్వచనాలన్నీ ఒకే గంటలో లాగించేశారు, నేనూ లాగించేస్తాను. సహీహ్ (ప్రామాణికం) అనిపించుకోవాలంటే ఐదు ఉండాలి. వరస తెగకూడదు, చెప్పినవాళ్ళు నీతిమంతులై ఉండాలి, జ్ఞాపకం గట్టిగా ఉండాలి, తమకంటే గట్టివాళ్ళు చెప్పినదానికి ఎదురుగా పోకూడదు, లోపల దాగిన లోపం ఏదీ ఉండకూడదు. జ్ఞాపకం కాస్త తక్కువైతే హసన్ (మంచిది). షరతు తప్పితే జయీఫ్ (బలహీనం). అల్లిందని తేలితే మౌజూ. వరస ఎక్కడ తెగిందన్నదాన్ని బట్టి ముర్సల్, మున్ఖతే, ముఅదల్, ముఅల్లఖ్ అని పేర్లు. నోట్సులో పట్టిక ఉంది, ఇంటికెళ్ళి చదువుకోవచ్చు.

ఆ ఐదో షరతు దగ్గర మాత్రం బాగా ఆగారు, ఆగడం మంచిదైంది. దాగిన లోపాన్ని ఇల్లత్ అంటారు. పైకి చూస్తే అంతా సవ్యంగా కనిపిస్తుంది. అదే హదీసు వేరే దారుల్లో ఎలా వచ్చిందో అన్నీ ఒకచోట పోగేసి పక్కపక్కన పెడితే తప్ప బయటపడదు. బుఖారీ గురువు అలీ బిన్ అల్ మదీనీ మాట ఒకటి చెప్పారు: దారులన్నీ కూడబెట్టకపోతే తప్పు తెలీదని. ఉస్తాద్‌గారు ఒక హదీసుకి నాలుగు దారులు నాలుగు రంగుల్లో గీసి, తేడా మమ్మల్నే పట్టమన్నారు. మా వరసలో ఇంజినీరింగు చదివే అమ్మాయి పట్టేసింది. ఒక శిష్యుడు గురువు సొంత మాటని ప్రవక్త (స) మాటలో కలిపేశాడు, మిగతా ముగ్గురూ విడిగా చెప్పారు. నాకు అది వివరించాక గానీ కనబడలేదు.

ఇక నాకు బాగా నచ్చింది మనుషుల పుస్తకాలు. రావీ, అంటే హదీసు చెప్పినవాడు, ఒక్కొక్కడి మీద తీర్పులు రాసిపెట్టిన గ్రంథాలు. హదీసు పండితుడు ఇబ్న్ హజర్ (1372–1449) రాసిన తఖ్రీబుల్ తహ్జీబ్‌లో ఒక్కో మనిషికి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, తరం, తీర్పు. సిఖా అంటే గట్టివాడు, సదూఖ్ అంటే నిజాయితీపరుడే గానీ మొదటి వరస కాదు. అలా దిగుతూ దిగుతూ మత్రూక్, అంటే వదిలేసినవాడు, ఆ కింద అబద్ధాలకోరు. ఉదాహరణకి అబ్దుల్లా బిన్ లహీఆ. ఈజిప్టులో ఖాజీ (న్యాయమూర్తి), ఇస్లామిక్ కాలెండరు ప్రకారం హిజ్రీ 174లో చనిపోయాడు. ఇబ్న్ హజర్ ఏమంటాడంటే, మనిషి నిజాయితీపరుడు, పుస్తకాలు కాలిపోయాక తికమకపడ్డాడు, ఆయన నుంచి ఇబ్న్ ముబారక్, ఇబ్న్ వహబ్ చెప్పినవి మిగతావాళ్ళవాటి కంటే మెరుగు అని. ఆ ఇద్దరూ ముందు రోజుల్లో విన్నవాళ్ళు. మనిషిని మంచివాడు, చెడ్డవాడు అని ముద్రేసి వదిలేయలేదు చూడండి. ఏ ఏడాది ముందు విన్నది, ఏ ఏడాది తర్వాత విన్నది అని విడదీశారు. మా బల్ల దగ్గర ఇంత జాగ్రత్తగా సాక్షుల్ని చూసే వకీలు దొరికితే పనికి రోజుకో గొడవ తప్పుతుంది.

ఈ మనుషుల పుస్తకాల్లో చాలావాటిని అచ్చేసింది మన హైదరాబాదే అని నాకు తెలీదు. నిజాం కాలంలో 1888లో పెట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ, ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీలో ఉంది. ఇబ్న్ హజర్‌దే పెద్ద గ్రంథం తహ్జీబుల్ తహ్జీబ్ అక్కడ అచ్చయింది. బుఖారీ రాసిన రావీల చరిత్ర, ఇబ్న్ అబీ హాతిమ్ రాసిన అల్ జర్హ్ వత్ తఅదీల్ కూడా. ఆ పాత హైదరాబాదు ప్రతి ఒకటి ఉస్తాద్‌గారు తెచ్చి చూపించారు. పసుపెక్కిన కాగితం, అంచులు చిట్లినవి, ముట్టుకోనివ్వలేదు.

భక్తి ఉంటే చాలదన్న పాఠం కొంతమందికి గొంతు దిగలేదు. మదీనా పండితుడు ఇమామ్ మాలిక్ అన్నారట, మదీనా మసీదు స్తంభాల దగ్గర ప్రవక్త మాటలు చెప్పే డెబ్బై మందిని చూశాను, ఖజానా అప్పగించినా పైసా ముట్టనివాళ్ళు, అయినా వాళ్ళ నుంచి ఒక్కటీ తీసుకోలేదు, వాళ్ళు ఈ పనికి చెందినవాళ్ళు కాదు అని. యహ్యా బిన్ సయీద్ అల్ ఖత్తాన్ (ముందు చెప్పిన అన్సారీ కాదు, వేరే ఆయన) ఇంకా ఘాటు. సజ్జనులు హదీసు విషయంలో చెప్పినంత అబద్ధం మరి దేంట్లోనూ చెప్పరన్నారు. దాన్ని తన హదీసు గ్రంథంలో ఉదహరించిన ఇమామ్ ముస్లిం వెంటనే వివరణ ఇచ్చారు: వాళ్ళ నోటి మీదుగా అబద్ధం దొర్లిపోతుంది, కావాలని చెప్పరు అని. గడ్డం నెరిసిన ఒక పెద్దాయన, క్లాసులో అందరూ చాచా అంటారు, లేచి "అంత మాట అనకూడదు కదా మౌలానా" అన్నారు. ఉస్తాద్‌గారు మర్యాదగా "నేనన్నది కాదు చాచా, సనద్‌తో సహా చెప్తున్నాను" అన్నారు. హాలంతా నవ్వింది. చాచా కూడా.

గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడు ఆదివారం బస్సులు దొరకవని తరచూ ఆలస్యంగా వచ్చేవాడు. అతనికి ప్రవక్త సహచరుడు జాబిర్ (ర) కథ చెప్పారు. సిరియాలో ఒకాయన దగ్గర ఒక హదీసు ఉందని తెలిసి ఒంటె కొని, నెల రోజులు ప్రయాణం చేసి వెళ్ళి, ఆ ఒక్కటీ విన్నారట. కుర్రాడు ఆ తర్వాత కూడా ఆలస్యంగానే వచ్చాడనుకోండి.

పరీక్షల కథలు రెండు చెప్పారు. ఒకటి రావీల్ని పరిశీలించే యహ్యా బిన్ మయీన్‌ది. కూఫాలో అబూ నుఐమ్ అనే పండితుణ్ణి పరీక్షిద్దామని, ఆయన హదీసుల మధ్య ఆయనవి కానివి ఇరికించి చదివించాడు. వద్దు, ఆయన గట్టివాడు అని అహ్మద్ బిన్ హంబల్ చెప్తూనే ఉన్నారు. అబూ నుఐమ్ ఇరికించినవన్నీ పట్టుకుని, యహ్యాని కాలితో ఒక్క తన్ను తన్ని లోపలికెళ్ళిపోయాడు. యహ్యాకి కోపం రాలేదు సరికదా, ఆ తన్ను నా ప్రయాణమంతటి కంటే నాకు ప్రియం అన్నాడు.

రెండోది బుఖారీ బాగ్దాదు కథ. పది మంది చెరో పది హదీసులు, సనద్‌లూ మత్న్‌లూ తారుమారు చేసి అప్పజెప్తే, వందా విని, తప్పువి తప్పుగా వరసన చెప్పి, సరైనవి వరసన చెప్పాడన్నది. వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఉస్తాద్‌గారు కథ ముగించి, చాక్‌పీసు కింద పెట్టి, "ఇప్పుడు దీని సనద్ అడగండి" అన్నారు. ఎవరూ అడగలేదు, అందరం మైమరచి ఉన్నాం. ఆయనే చెప్పారు. ఇది ఇబ్న్ అదీ అనే పండితుడు చెప్పింది, "చాలామంది పెద్దలు చెప్పగా విన్నాను" అన్నాడు, ఆ పెద్దల పేర్లు లేవు. పేర్లు లేవు కాబట్టి కొందరు తప్పుపట్టారు, ఒక్కరు కాదు చాలామంది కదా అని కొందరు ఒప్పుకున్నారు. క్లాసు మొత్తంలో ఈ ఒక్క నిమిషం కోసం 500 ఇవ్వొచ్చు. తమకి ఇష్టమైన కథ మీద కూడా అదే తూకం పెట్టే మాస్టారు ఎంతమంది ఉంటారు?

వాట్సాప్ రోజు అని ఒకటి పెట్టారు. మన గ్రూపుల్లో వచ్చినవి తెమ్మన్నారు. మా మామూ (మేనమామ) పంపినవే నా ఫోన్‌లో బోలెడు. ప్రతి శుక్రవారం పొద్దున గులాబీ పువ్వు బొమ్మతో ఒక హదీసు, కింద ఏ పుస్తకమో ఉండదు. "విద్య కోసం చైనా అయినా వెళ్ళండి" అన్నది మొదట వచ్చింది. స్కూలు వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథులు కూడా వాడుతుంటారు కదా. దాని వరసలో అబూ ఆతికా అనే మనిషి ఉన్నాడు. అతని హదీసు తిరస్కరించదగిందని బుఖారీ అన్నాడు. ఇబ్న్ హిబ్బాన్ దానికి మూలమే లేదన్నాడు. ఇబ్న్ అల్ జౌజీ దాన్ని కల్పిత హదీసుల పుస్తకంలో ఎక్కించాడు. అయితే అదే ఫార్వర్డులో దాని వెనకే అంటించి ఉన్న "విద్య నేర్వడం ప్రతి ముస్లిం మీదా విధి" అన్నది వేరు. అది ఇబ్న్ మాజా హదీసు గ్రంథంలో ఉంది. ఒక్కో దారీ బలహీనమే గానీ, దారులు చాలా ఉండటం వల్ల కొందరు పండితులు దాన్ని హసన్ దాకా తీసుకొచ్చారు. ఒకే వాక్యంలా తిరిగే రెండు ముక్కలకి రెండు తీర్పులు.

తల్లి పాదాల కింద స్వర్గం కూడా వచ్చింది, రాకుండా ఉంటుందా. మా ఇంట్లో గోడ మీద అద్దాల ఫ్రేములో ఉంది. "తల్లుల పాదాల కింద స్వర్గం" అని ఆ మాటల్లో వచ్చే రివాయతు (కథనం) నిలవదట. నా మొహం చూసి కాబోలు, ఉస్తాద్‌గారు వెంటనే నసాయీ హదీసు గ్రంథంలో ఉన్నది చెప్పారు. జాహిమా అనే ఆయన యుద్ధానికి వెళ్తానని ప్రవక్త (స) దగ్గరికి వస్తే, మీ అమ్మ ఉందా అని అడిగి, ఉందంటే, ఆమెనే అంటిపెట్టుకుని ఉండు, స్వర్గం ఆమె కాళ్ళ కిందే ఉంది అన్నారట. అది పండితులు ఒప్పుకున్నది. ఫ్రేము దించలేదు. కింద చిన్న చీటీ మీద నసాయీ అని రాసి అంటించాను, అమ్మ అడిగితే జాహిమా కథ చెప్పాను.

"శుభ్రత విశ్వాసంలో భాగం" అన్న మాటలకి గట్టి సనద్ లేదు. "శుద్ధి విశ్వాసంలో సగం" అన్నది ముస్లిం గ్రంథంలో ఉంది, సహీహ్. "దేశభక్తి విశ్వాసంలో భాగం" అన్నది హదీసే కాదు. ఇది విని ఒకాయన మొహం ముడుచుకున్నాడు. హదీసు కానంత మాత్రాన దేశాన్ని ప్రేమించొద్దని కాదు, ప్రవక్త (స) అనని మాట ఆయన నోట పెట్టొద్దని మాత్రమే అన్నారు ఉస్తాద్‌గారు. నాకు ఆ జవాబు సబబుగా అనిపించింది.

కల్పించినవాళ్ళు ఎందుకు కల్పించారో కూడా చెప్పారు. దుర్మార్గులు కొందరే. రాజుల్ని మెప్పించేవాళ్ళు కొందరు. ఖలీఫా మహ్దీకి పావురాల సరదా. గియాస్ బిన్ ఇబ్రాహీం అనేవాడు ఆయన దగ్గరికొచ్చి, బాణాలు, ఒంటెలు, గుర్రాలకి తప్ప పందెం లేదన్న హదీసు చదివి చివర్లో "రెక్కలు" కూడా చేర్చాడు. ఖలీఫా డబ్బిచ్చి పంపి, వాడు వెనుదిరగ్గానే, వాడి మెడ అబద్ధాలకోరు మెడ అని సాక్ష్యం చెప్తున్నాను అని, ఆ పావురాల్ని కోయించేశాడు. డబ్బెందుకిచ్చాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. పుణ్యం కోసం కల్పించినవాళ్ళు ఇంకో రకం. నూహ్ బిన్ అబీ మర్యమ్ సూరాల (ఖురాను అధ్యాయాల) మహిమల మీద హదీసులు అల్లాడు, జనం ఖురాను వదిలేస్తున్నారని బాధతోనట. మా మామూ లాంటివాళ్ళ చేతుల్లోకి ఎక్కువగా వచ్చేవి ఇవే.

ఇక ఫిర్యాదు. ఆడవాళ్ళకి హాలు వెనక భాగం, మధ్యలో తెర. అది సరే, నాకేం అభ్యంతరం లేదు. కానీ మా వైపు పెట్టిన స్పీకరు పాతది. "హద్దసనా" అంటున్నారో "హద్దసనీ" అంటున్నారో వినపడదు, ఈ విద్యలో ఆ తేడాకే విలువ. ఒకటి నలుగురితో కలిసి విన్నవాడి మాట, ఇంకోటి ఒంటరిగా విన్నవాడి మాట. "అన్" అంటే ఫలానా ఆయన నుంచి అని మాత్రమే, స్వయంగా విన్నాడో లేదో తేలదు. వినకుండానే విన్నట్టు ధ్వనింపజేసే అలవాటున్నవాణ్ణి ముదల్లిస్ అంటారు. వాడు "అన్" అంటే తీసుకోరు. ఇంత సూక్ష్మంగా చెప్పే పాఠం మాకు గరగరల మధ్య వినబడింది. బోర్డు కూడా తెర చాటే, కుడి వైపు చివర కూర్చుంటే సగం కనిపిస్తుంది. నిర్వాహకులకి చెప్పాం. చూస్తామన్నారు. బ్యాచ్ అయిపోయేదాకా చూస్తూనే ఉన్నారు.

ఇది ఊరికే సణుగుడు కాదు. ఈ విద్యలో ఆడవాళ్ళ వాటా ఎంతో ఆ తెర వెనకే కూర్చుని విన్నాను కదా. కుటుంబం ఏడిస్తే చనిపోయినవాడికి శిక్ష పడుతుందన్న రివాయతుని ప్రవక్త (స) భార్య ఆయిషా (ర) ఒప్పుకోలేదు. ఒకరి భారం ఇంకొకరు మోయరన్న ఖురాను వాక్యం చూపించారు. ఇది బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉంది. అంటే మత్న్‌ని ఖురానుతో సరిచూడటం సహాబాల (ప్రవక్త సహచరుల) కాలంలోనే ఉంది, చేసింది ఒక స్త్రీ. పదకొండో శతాబ్దంలో కరీమా మర్వజియ్యా మక్కాలో బుఖారీ గ్రంథం చెప్పేవారు. హజ్‌కి వెళ్ళిన ఖతీబ్ బాగ్దాదీ అనే పండితుడు ఆమె దగ్గర ఐదు రోజుల్లో దాన్ని చదివి ముగించారు. బలహీన రావీల మీద పుస్తకం రాసిన జహబీ, ఆడవాళ్ళలో అబద్ధం నేరం మోపబడినవాళ్ళు గానీ, పండితులు వదిలేసినవాళ్ళు గానీ నాకు తెలీదు అని రాశారు. ఈ మాట వినగానే మా వైపు నుంచి చప్పట్లు. స్పీకరు లేకపోయినా అవి అటువైపు వినిపించే ఉంటాయి.

లోటు అనిపించింది ఇంకొకటి. చరిత్ర చదువుకున్న ఒక అబ్బాయి, గోల్డ్‌జిహర్, షాఖ్ట్ లాంటి యూరపు పండితులు ఈ సనద్‌లే తర్వాత తరాలవాళ్ళు వెనక్కి అల్లుకున్నవి అన్నారు కదా, దానికేమంటారు అని అడిగాడు. షాఖ్ట్ పుస్తకం 1950లో వచ్చింది, డెబ్బై ఏళ్ళు దాటింది, దాని మీద బోలెడు వాదన నడిచింది. ఉస్తాద్‌గారు ఐదు నిమిషాల్లో తేల్చేశారు. చెప్పిన ఉదాహరణ మంచిదే. బుఖారీకి ముందు రాతలే లేవనడం సరికాదు, ప్రవక్త సహచరుడు అబూ హురైరా (ర) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న చిన్న సంకలనం ఉంది, 138 హదీసులు, దాని రాతప్రతులు డమాస్కస్‌లో, బెర్లిన్‌లో ఉన్నవి వెతికి అచ్చేసింది హైదరాబాదులో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. అందులో ఉన్నవి తర్వాతి గ్రంథాల్లో ఉన్నవాటితో సరిపోతున్నాయి. బాగుంది. కానీ ఆ అబ్బాయి అడిగింది ఒక్క సంకలనం గురించి కాదు. దీనికి ఒక పూట కేటాయించి ఉండాల్సింది, నోట్సులో కూడా ఒక్క పేజీ లేదు. షియాల గ్రంథాలు, వాళ్ళ పరిశీలన పద్ధతి వేరు. ఇక్కడ సున్నీల పద్ధతే చెప్తామని మొదటి రోజే అనేశారు, అందులో దాపరికం లేదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, తీర్పులు ఇచ్చేయాలని తొందర ఉన్నవాళ్ళకి పనికిరాదు. ఒక కుర్రాడు ఫోన్‌లో యాప్ తెరిచి "ఇందులో జయీఫ్ అని ఉంది సార్, అయిపోయింది" అన్నాడు. ఎవరి జయీఫ్ అది, అని అడిగారు ఉస్తాద్‌గారు. చాలా యాపుల్లో కనిపించేది ఈ కాలపు హదీసు పండితుడు అల్బానీ తీర్పు. ఆయన 1999లో చనిపోయారు, గొప్ప శ్రమ చేశారు, తన తీర్పులు కొన్ని తనే మార్చుకున్నారు కూడా. ఆయన కాదన్నది ఇంకొకరు ఔనంటారు, పాతకాలపు సంకలనకర్త తిర్మిజీ హసన్ అన్నది ఒకరు జయీఫ్ అంటారు. సనద్ సహీహ్ అనడం వేరు, హదీసు సహీహ్ అనడం వేరు అని కూడా చెప్పారు, మొదటిదన్న పండితుడు లోపలి లోపం సంగతి ఇంకా తేల్చలేదన్నమాట. బలహీనమైనదాన్ని పుణ్యకార్యాల ప్రోత్సాహానికి వాడొచ్చా అన్నదాంట్లోనూ రెండు పక్షాలున్నాయి. ఈ క్లాసు మనకిచ్చేది తీర్పు కాదు, అడగాల్సిన ప్రశ్నలు: ఏ పుస్తకం, ఎవరి ద్వారా, తీర్పు ఎవరిది. ఇప్పుడు మా మామూ గులాబీ పువ్వు పంపితే నేను ఆ మూడే అడుగుతున్నాను. ఆయన ఇప్పుడు పంపే ముందు నాకు ఫోన్ చేసి కనుక్కుంటున్నాడు, దానితో శుక్రవారం పొద్దున నా పని ఆగిపోతోంది.

నోట్సు తెలుగులో ఇంత వివరంగా ఇంకెక్కడా చూడలేదు. అక్షర దోషాలున్నాయి. జాబిర్ ఒకచోట జాబీర్, ఇంకోచోట జాబర్. పేర్ల మీదే నడిచే విద్యలో ఇది సరిచేసుకోవాలి, చివర్లో రావీల పేర్ల సూచిక కూడా ఉంటే బాగుండేది. టీ బాగుంటుంది. చివరి రోజు మాడుగుల హల్వా పెట్టారు, మా వైపు వచ్చేసరికి పళ్ళెం ఖాళీ అయింది, మళ్ళీ తెప్పించారు లెండి.

రమజాను అయ్యాక కొత్త బ్యాచ్ అంటున్నారు. చేరేవాళ్ళు ముందు వారమే ఫోన్ చేసి పేరు రాయించుకోండి, హాలు చిన్నది. దూరం ఎక్కువైనవాళ్ళకి ఆన్‌లైన్ పెడతారా అని అడిగితే లేదన్నారు. నోట్సు విడిగా అమ్మరు, రెండు క్లాసులకి మించి మానేస్తే రెండో భాగం ఇవ్వరు.